బిగిసిన కింగ్‌పిన్ను

ఏసుదానం కుడి చక్రం ఊడదీసి లోపలికి తొంగిచూశాడు. స్టీరింగు కడ్డీ విల్లులా వంగి, నడిమధ్యన వెంట్రుకవాసి పగులు పట్టి ఉంది. ఇంకొక్క మలుపు తిరిగుంటే పుటుక్కుమనేది.

నిన్న ఆ కారులో వకీలు నారాయణమూర్తిగారు, ఆయన భార్య సుభద్రమ్మగారు నెల్లిమర్ల నుంచి విజయనగరం వస్తున్నారు. మలుపులో చక్రం మొరాయించింది. డ్రైవరు సోములు బలమంతా పెట్టి తిప్పి, కాలవ గట్టుకి జానెడు ఇవతల ఆపాడు.

వంగింది కడ్డీయే గానీ దోషం దానిది కాదు. చక్రాన్ని అటూ ఇటూ తిరగనిచ్చే నిలువు ఇనుప మేకు, కింగ్‌పిన్ను, తన గూట్లో బిగుసుకుపోయింది. గ్రీజు అందకపోతేనే అలా అవుతుంది. ఆ పాత ఆస్టిన్ కారుకి, వచ్చిన దగ్గర్నుంచీ గ్రీజు పెడుతున్నవాడు ఏసుదానం ఒక్కడే.

కారుని తాళ్ళు కట్టి షెడ్డుకి లాక్కొచ్చినప్పుడు వకీలుగారు ఒకే మాట అడిగారు. "నీ చెయ్యి తప్ప వేరే చెయ్యి పడలేదు కదయ్యా దీనిమీద?"

తిట్టినా బాగుండేది.

ఏసుదానానికి ఉన్నది ఆ చెయ్యే. మిషను ఆసుపత్రి వ్యాను కింద పడుకుని పని నేర్చుకున్నాడు. కంటోన్మెంటు రోడ్డు పక్కన ఈ రేకుల షెడ్డు వేసుకున్నాడు. విశాఖ ఉక్కు గొడవల్లో బస్సులు ఆగిన రోజుల్లో కూడా దీని తలుపు మూయలేదు. శనివారం సాయంత్రం నిమ్మచెక్కతో గోళ్ళు ఎంత తోమినా, ఆదివారం గుడిలో పాటల పుస్తకం పట్టుకుంటే అంచున నల్లటి వేలిముద్ర పడేది. భార్య ఎలీసమ్మ దాన్ని చూసి మూతి తిప్పేది. అతనికి మాత్రం అది చూస్తే హాయిగానే ఉండేది. ఇన్నేళ్ళలో ఒక్క కారూ అతని చేతికింద నుంచి వెళ్ళి దారిలో నిలిచిపోలేదు. నిన్నటిదాకా.

"ఏటైనాది మేస్త్రీ?" సోములు గుమ్మం దగ్గరే నిలబడి అడిగాడు. డెబ్బైకి దగ్గరపడ్డ మనిషి. వకీలుగారి తండ్రి హయాంలో ఆ ఇంటి ఎడ్లబండి తోలేవాడు. బండి పోయి కారొచ్చాక స్టీరింగు పట్టాడు.

"పిన్ను పట్టేసింది మావా. పొద్దున్నుంచి కిరసనాయిలు పోస్తన్నా కదలనంటన్నాది. ఇలాగ రా, ఈ సుత్తి పట్టుకో."

ముందు కడ్డీ కొసని విప్పాలి. ఏసుదానం నట్టుని పూర్తిగా తీయకుండా రెండు చుట్లు ఉంచాడు, మర చెడకుండా. ఒక పక్క బరువు సుత్తిని ఆనించి పట్టుకోమని సోములుకి చెప్పి, రెండో పక్క చిన్న సుత్తితో టంగుమని కొట్టాడు. నాలుగో దెబ్బకి కొస పట్టు వదిలి నట్టు మీదకి జారింది. కింగ్‌పిన్ను మాత్రం రాయిలా కూర్చుంది. దాన్ని పట్టి ఉంచే అడ్డచీల తీశాడు. బ్లో ల్యాంపు వెలిగించి గూడుని వేడిచేశాడు. ఇత్తడి కడ్డీ ఆనించి కొట్టాడు. మళ్ళీ వేడిచేశాడు.

మధ్యాన్నం చోడంబలి, ఉల్లిపాయ పట్టుకొచ్చిన ఎలీసమ్మ, కారు కింద నుంచి గొణుగుడు విని నవ్వింది.

"ఇనుముతో మాటాడతన్నావేటయ్యా? నాతో ఇన్ని మాటలు ఎప్పుడైనా ఆడినావా?"

"నువ్వు బిగుసుకుపోతే ఆడతానే!"

అంబలి తాగుతున్నా మనసు పిన్ను దగ్గరే ఉంది. పోయినసారి గ్రీజు గన్ను పట్టినప్పుడు గ్రీజు లోపలికి పోకుండా పైకే పొంగింది. నిండిపోయింది కాబోలనుకుని తుడిచేశాడు. ఆ ఒక్క తుడుపే ఇప్పుడు మళ్ళీ మళ్ళీ గుర్తొస్తోంది.

ఎండ వాలేవేళకి పిన్ను కదిలింది. ఒక్కసారిగా ఊడి మట్టిలో పడింది. ఏసుదానం గోనెగుడ్డతో పట్టి పైకెత్తాడు. చుట్టూ నల్లటి పెచ్చు. గోటితో గీకితే మసి. వేడికి వాసన గుప్పుమంది. ఆముదం!

ఆ వాసన ఎరగని పల్లెటూరివాడు ఉండడు. గడ్డి కాల్చిన మసిని ఆముదంలో కలిపి బండి ఇరుసుకి పూసే కందెన అది. బండికి అమృతమే. కారు గూట్లో దుమ్ముతో కలిసి రాయి కట్టి, గ్రీజు దారి మూసేసింది.

ఏసుదానం తలెత్తాడు. సోములు రోడ్డుకేసి చూస్తున్నాడు. అతని మెడమీద చెమట ధారకట్టింది. ఏసుదానం మళ్ళీ కారు కిందికి దూరాడు. కొత్త పిన్ను దిగ్గొట్టి, గ్రీజు ఎక్కించి, వేరే కడ్డీ బిగించి స్టీరింగు తిప్పి చూశాడు. వెన్నలో వేలు తిరిగినట్టు తిరిగింది.

దీపాలు పెట్టేవేళ వకీలుగారు వచ్చారు. "ఏం జరిగిందయ్యా?"

చెబితే తన పేరు నిలుస్తుంది. ముసలివాడి పేరు పోతుంది. ఏసుదానం చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు.

"గ్రీజు లోపలికి పోలేదు బాబూ. అది పైకి పొంగినప్పుడే ఇప్పి సూడాల్సింది. సూడ్లేదు. నాదే తప్పు."

వకీలుగారు నిట్టూర్చారు. ఏదో అనబోయారు. అంతలో సోములు ముందుకొచ్చి కారు తాళంచెవి బానెట్టు మీద పెట్టాడు. చంకలో చిన్న మూట ఉంది. వెనకసీటు కింద చెయ్యిపెట్టి, తోలు మూత కట్టిన వెదురుగొట్టం ఒకటి బయటికి తీశాడు.

"ఆడి మీద కోపం పెట్టుకోకండి బాబూ. ఆడు పెట్టిన గ్రీజుకి అడ్డం పడింది నేను. మలుపులో ఇది కిర్రుమంటే నాకు నిద్ర పట్టేది కాదు. ఎద్దు అరిస్తే కుడితి పెడతాం, బండి అరిస్తే కందెన పెడతాం, కారు అరిస్తే ఏటి పెట్టాలో నాకెవుడు సెప్పినాడు? గ్రీజు ఎక్కించే మూతి ఇప్పి, కందెన పుల్లతో కూరినాను. నోరు మూసింది. మంచిదైపోనాదనుకున్నాను. నిన్న అమ్మగోరిని కాలవలో పడేద్దును. ఇంక నేను తోలను బాబూ. పాతపట్నం బస్సుకి ఎల్పోతన్నాను, మా పిల్ల గురమ్మ ఎన్నాళ్ళ నుంచో రమ్మంటన్నాది. ఇదిగో మేస్త్రీ, కందెన గొట్టం. మా అయ్య చేతిది. కారుకి పనికిరాదు గానీ పారెయ్యకు, నీ కాడే ఒగ్గేస్తన్నాను."