ఇంటి ముందుకొచ్చిన దూది మిషన్

మా ఆయన బడే సాబ్‌కు గది ఖాళీగా కనిపిస్తే అన్నం సహించదు. ఆదోనిలో మాది పరుపులు కుట్టే చిన్న కంపెనీ. ఈ ఏడు జిన్నింగు మిల్లుల్లో దూది చవగ్గా దొరికిందని, ఉన్న డబ్బంతా పెట్టి కొని ఒక గది కప్పు దాకా నింపాడు. ఇంకో గది నిండా కుట్టేసిన పరుపులు. మాఘమాసం పెళ్ళిళ్ళకు అన్నీ అమ్ముడైపోతాయట. అప్పటిదాకా మేం పరుపులు తిని బతకాలి కాబోలు! వచ్చినవాళ్ళందరికీ ఆ గదులు చూపించి మురిసిపోతుంటే నాకు ఒళ్ళు మండేది.

కూలి ఇవ్వాల్సిన శనివారం వచ్చింది. చేతిలో ఏమీ లేదు. కిందటి శనివారమూ ఇవ్వలేదు. అంచు కుట్టడంలో మా అందరికన్నా నేర్పరి ముత్తమ్మ. ఆమె సూది పక్కన పెట్టి లేచింది.

“అక్కా, సోమవారం మా ఆస్పరి ఊరోళ్ళంతా మిరపకాయలు కోసేదానికి గుంటూరు పక్క సుగ్గికి పోతాండారు. నేనూ పోతాండా. పాపను బడి మాన్పించల్ల, ఏం జేద్దు.”

అట్లా సుగ్గికని వలస పోయినవాళ్ళు ఉగాది దాకా తిరిగి రారు. పాప ఇప్పుడిప్పుడే కూడబలుక్కుని చదువుతోంది. నాకు ఏడుపొచ్చింది.

“ఇంత సరుకుండాది కదమ్మా, భయమెందుకు?” అన్నాడు మా ఆయన.

“ఆ దూది తీస్కపోతే అంగట్లో బియ్యమిస్తారా అన్నా?” అంది ముత్తమ్మ.

మా ఆయన పరుపులు కొంటారేమోనని తెలిసిన అంగళ్ళకు ఫోన్లు చేశాడు. అందరూ మాఘమాసం మాటే ఎత్తారు. అప్పుడు నాకు ఆయన తండ్రి, మా మామ గుర్తొచ్చాడు. దూదేకే విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగేవాడు. జనం ఇళ్ళ ముందే వాళ్ళ పాత దూది ఏకి, మళ్ళీ పరుపు కుట్టిచ్చేవాడు. దూది వాళ్ళది, పని ఈయనది. కొని దాచేదేమీ లేదు, సాయంత్రానికి డబ్బుతో ఇల్లు చేరేవాడు. కంపెనీ బోర్డు పెట్టాక మా ఆయనకు ఆ పని పేరెత్తితేనే నామోషీ.

“మన దూదేకే చిన్న మిషన్ ఆటోలో ఎక్కిచ్చి ఎమ్మిగనూరుకు పోదాం” అన్నాను.

“ఓనరు ఇంటింటికీ తిరగల్లనా? నలుగురూ ఏమనుకుంటారు?”

“కూలి ఇయ్యకుంటే మాత్రం మెచ్చుకుంటారా? నువ్వు రావద్దులే. దూదికి కాపలా ఉండు.”

ముత్తమ్మను ఇంకొక్క రోజు రమ్మని బతిమాలాను. ఆదివారం మా వీధి ఓబన్న ఆటోలో, రెండు మూటల కొత్త దూదితో ఎమ్మిగనూరు నేతగాళ్ళ వీధిలో దిగాం. ఎంత అరిచినా ఎవరూ తలుపు తీయలేదు. ముత్తమ్మ ముఖం చూడ్డానికి నాకు ధైర్యం చాల్లేదు. చివరికి పద్మ అనే నేతగత్తె రాయిలా గట్టిపడ్డ పరుపొకటి ఈడ్చుకొచ్చింది.

“ఇది మెత్తగయితాదా?”

వాళ్ళ ఇంటి కరెంటుతోనే మిషన్ తిప్పాం. పాత దూది పొంగింది. కొంచెం కొత్త దూది కలిపి నింపితే, ముత్తమ్మ అంచు కుట్టింది. పద్మ దానిమీద పడుకుని ఇక లేవనంది! మధ్యాహ్నానికి వీధి పొడవునా జనం తెచ్చిన పాత పరుపులు. మా రెండు మూటలూ అయిపోయాయి. ఆయనకు ఫోన్ చేశాను.

“దూది తీస్కరా.”

“ఎంత?”

“ఆటోలో పట్టినంత.”

తలమీద తువ్వాలు ముఖం దాకా లాక్కుని వచ్చాడు. కాసేపు దూరంగా నిలబడ్డాడు. తర్వాత నేను ఏకిన దూది పిడికెడు తీసి చూసి, “ఇట్లనా ఏకేది? మా నాయన సూస్తే కొడతాడు” అని నన్ను పక్కకు నెట్టి కూర్చున్నాడు. తువ్వాలు ఎప్పుడు జారిందో ఆయనకే తెలియదు.

సాయంత్రం ముత్తమ్మ బాకీ మొత్తం ఆయనే ఇచ్చాడు. ఆమె కొంగున ముడేసుకుంది కానీ రేపటి మాట చెప్పలేదు. నేనూ అడగలేకపోయాను.

సోమవారం గుంటూరు బస్సు వేళ దాటిపోయింది. ముత్తమ్మ రాలేదు. దూది గదిలో ఒక మూల గోడ కనిపిస్తోంది. ఆ గోడకెదురుగానే కూర్చుని మా ఆయన జొన్నరొట్టె మీద రొట్టె తింటున్నాడు. నాకే ముద్ద దిగలేదు.

అంతలో వాకిట్లో చెప్పుల చప్పుడు.

“పాపను బడికాడ దింపేతలికి ఆలస్యమాయ” అంటూ ముత్తమ్మ సూది అందుకుంది. “ఈ పొద్దు యాడికన్నా?”

“పత్తికొండకు” అన్నాడు మా ఆయన, చెయ్యి కడుక్కుంటూ.