నడిమి చోటు

హోటల్లో దుప్పట్లు మారుస్తుంటే ఫోన్ మోగింది. మేనేజర్ గోర్డన్ విమానంలో వచ్చే సరుకుల కోసం వెళ్ళాడు కాబట్టి నేనే ఎత్తాను. దక్షిణం నుంచి ఎవరో ఆవిడ. పని మీద, ఉత్తర ధ్రువం వైపు మంచులో ఉన్న మా ఊరు వస్తోందట.

"ఉండటానికి ఎక్కడ బాగుంటుందండీ మీ ఊళ్ళో?" అంది.

"ఒకటే హోటలండీ. గదికి రెండు మంచాలు. రెండో మంచం మీదకి విమానంలో ఎవరు దిగితే వాళ్ళొస్తారు. ఆడవాళ్ళేలెండి."

"అయ్యో, ముక్కూ మొహం తెలియని మనిషితోనా? ఇంకెక్కడా లేదా? పోనీ, మీరయితే ఎక్కడుంటారు?"

ఏదో సర్దిచెప్పి ఫోన్ పెట్టేశాను. అప్పుడే పరిచిన దుప్పటి మీద కూర్చున్నాను. ఇన్నేళ్ళలో ఆ పని ఎప్పుడూ చేయలేదు. ఆవిడకేం తెలుసు, పొద్దున్నుంచీ నా బుర్రలో అదే ప్రశ్న తిరుగుతోందని.

పొద్దున్న మా ఆయన పౌలూసీ టీ తాగుతూ అన్నాడు. "ఇక్కడ ఇరుగ్గా ఉంటే వేరే ఎక్కడన్నా చూసుకో." నేను కాచిన టీ తాగుతూ, నేను కుట్టిన బూట్లు తొడుక్కుంటూ. మా ఊళ్ళో 'వేరే ఎక్కడన్నా' అనేది లేదు కనకనే అంత తేలిగ్గా అనగలిగాడు. సర్కారు ఇళ్ళ కోసం ఎదురుచూసి తల నెరిసినవాళ్ళున్నారు ఇక్కడ. ఒక్కో ఇంట్లో మూడు సంసారాలు. తలుపు తీసుకుని బయటికి పోదామా అంటే ఫిబ్రవరి చలి ఊపిరాడనివ్వదు.

శరదృతువులో మా గది మా మరిదికి ఇచ్చేశారు. పిల్లలున్నవాడు, సరే, ఇవ్వాల్సిందే, నేనూ కాదనలేదు. పౌలూసీకి సోఫా వచ్చింది. నాకు సోఫాకీ తలుపుకీ మధ్య నేల మిగిలింది. వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ నన్ను దాటుకుంటూ వెళ్తారు, వాళ్ళ బూట్ల మంచు నా దుప్పటి మీద కరుగుతుంది. చివరి మనిషి టీవీ కట్టేసేదాకా నాకు నిద్ర లేదు. మొదటి మనిషి వేటకి లేచేసరికి నేను స్టవ్ దగ్గర ఉండాలి. హోటల్లో పగలంతా ఊడ్చి, ఇంటికొచ్చి వేటాడి తెచ్చిన సీల్ జంతువుల తోళ్ళు గీకి, అందరికీ రొట్టెలు కాల్చి, ఇంత చేస్తే మా అత్త లీటియా అంటుంది కదా, "ఎవరెవరివో పక్కలు సర్దుతావు, సొంతింట్లో నాలుగు గిన్నెలు కడగాలంటే బరువా?"

ఈ పొద్దున నేను అడిగింది పెద్ద కోరికేం కాదు. నా పక్కను కాస్త లోపలికి, గోడవైపు జరుపుకుంటానన్నాను. లీటియా రొట్టె తుంచుకుంటూ, "పిల్లాజెల్లా లేనిదానివి, ఎక్కడ పడుకుంటే ఏం? రోజంతా మంచాల మధ్యేగా తిరుగుతావు," అంది. అందరూ నవ్వారు. పౌలూసీ కూడా నవ్వాడు. ఆ మాట నాకు కొత్త కాదు, ఎన్నిసార్లో మింగాను. అతని నవ్వు మాత్రం మింగుడుపడలేదు. హోటల్‌కి వచ్చేటప్పుడు నా రెండు జతల బట్టలు సంచిలో కుక్కి తెచ్చాను.

గోర్డన్ రాగానే, కొన్నాళ్ళు ఇక్కడ పడుకోవచ్చా అని అడిగాను. మంచివాడే పాపం. "దానికేం, ఖాళీ మంచాలున్నాయిగా. ఇక్కడే ఉంటావు కాబట్టి పొద్దున్న వంటకి కూడా నువ్వే లేవచ్చు," అన్నాడు. ఆలోచిస్తానన్నాను. తర్వాత చెల్లెలు మియాలీకి ఫోన్ చేశాను. "రా అక్కా, అడగాలా? పిల్లల్ని నువ్వు చూసుకుంటే నేను కొట్లో పనికెళ్తాను," అంది ప్రేమగానే. ప్రేమ లేదని ఎవరన్నారు? కానీ ఎక్కడ పక్క పరిస్తే అక్కడ పని నాకంటే ముందే వచ్చి కూర్చుంటోంది.

పని అయ్యాక సంచి పట్టుకుని నడుస్తుంటే ఊలూటీ కిటికీ అద్దం మీద కొట్టి పిలిచింది.

ఊలూటీకి డెబ్బై దాటాయి. నా కూతురు. నేను పుట్టే ముందు వాళ్ళమ్మ చనిపోయింది, ఆమె పేరే నాకు పెట్టారు, నివియాక్ అని. పేరుతోపాటు మనిషీ వస్తుంది మాకు. అందుకే నేను పాకే వయసు నుంచీ ఊలూటీ నన్ను అమ్మ అంటుంది, నేనామెను అమ్మాయీ అంటాను. నా చిన్నప్పుడు ఏ వేట మాంసం వచ్చినా మంచి ముక్క నాకే పంపేది. ఊరంతా అలాగే చూస్తుంది మమ్మల్ని. ఆ వరస ఉండగా ఆ ఇల్లు నాకు ఎందుకు తట్టలేదంటారా? తట్టింది. భయమేసింది. ముసలి మనిషి, సర్కారు ముసలివాళ్ళకిచ్చే ఒంటిగది ఇంట్లో ఒంటరిది, వెళ్తే మళ్ళీ నాకో స్టవ్, నాకో చాకిరీ. ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి దూకడమే కదా అనిపించింది.

లోపలికి వెళ్ళగానే అలవాటుకొద్దీ, "టీ పెట్టనా?" అన్నాను.

"కూర్చో. కూతురింటికి వచ్చిన అమ్మ స్టవ్ దగ్గరికి పోతుందా?" అంది. సంచి వైపు చూసింది.

ఊలూటీకి మంచం పడదు. కొడుకు చేత ఈ గోడ నుంచి ఆ గోడ దాకా చెక్కల అరుగు వేయించుకుని, మీద కారిబూ జింకల తోళ్ళు పరుచుకుంది, పాత మంచు ఇళ్ళలో లాగా. నేను నా సంచిని అరుగు అంచున, తలుపు వైపు పెట్టాను. ఆమె లేచి వచ్చి దాన్ని కాలితో మధ్యలోకి తోసింది.

"అక్కడొద్దు. మా అమ్మ బతికినన్నాళ్ళూ ఆ అంచునే పడుకుంది. ఇంటికి వెచ్చదనమంతా ఆ కొవ్వు దీపమే, అది ఆరిపోతే పిల్లలు గడ్డకట్టిపోతారని. ఒత్తి ఎగదోస్తూనే తెల్లారేది. మేమందరం నడిమిన వెచ్చగా నిద్రపోయేవాళ్ళం. అమ్మ నిద్రపోగా నేనెప్పుడూ చూడలేదు."

"ఇప్పుడు నీ పనులెవరు..."

"నాకేమైంది? స్నానానికి నర్సు పిల్ల వస్తుంది. వంట నాదే. వెచ్చదనం ఆ హీటర్ చూసుకుంటుంది. అమ్మా, నువ్వు మళ్ళీ పుట్టి వచ్చి ఇన్నేళ్ళయింది, ఇప్పటికైనా నడిమిన పడుకో."

పడుకున్నాను, పగలుండగానే, వాలుపొద్దు ఎండ ఇంకా కిటికీలో ఉండగా. ఒళ్ళంతా ఒక్కసారి వదులైంది. ఏడుపొస్తుందేమో అనుకున్నాను, రాలేదు. ఎవరూ నన్ను దాటలేదు. మెలకువ వచ్చేసరికి చేప ఉడికిన వాసన, రేడియో చప్పుడు. సాయంత్రం మా ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ ఆ రేడియో ఉంటుంది. ఎవరికి ఏం కబురున్నా ఫోన్ చేస్తే చదువుతారు.

"పౌలూసీ కబురు," అన్నాడు రేడియో అబ్బాయి. "నివియాక్ ఎక్కడున్నా ఇంటికి రావాలట. ఇంట్లో ఇంకా ఎవరూ తినలేదట."

ఊలూటీ ఫోన్ అందుకోబోయింది. మొహం చూస్తేనే తెలుస్తోంది, పౌలూసీని ఉతికి ఆరేసేలా ఉంది.

"ఇలా ఇవ్వు అమ్మాయీ. నేను మాట్లాడతా," అన్నాను.

రేడియో అబ్బాయితో చెప్పాను. అతను తడుముకోకుండా చదివాడు. "నివియాక్ కబురు. పిండి సింకు కింద డబ్బాలో ఉందట. ఆమె తన కూతురి ఇంట్లో ఉంది. ఇక అక్కడే ఉంటుందట."

ఏ కబురైనా రెండుసార్లు చదవడం మా రేడియో ఆనవాయితీ. మొదటిసారి లీటియా వినకపోయినా, రెండోసారి వినే ఉంటుంది.