నాలుగో బోల్టు

పానా జారింది. కోబినా మేస్త్రీ పిడికిలి వెళ్ళి కాంక్రీటు దిమ్మెకి కొట్టుకుంది. "అబ్బా!" అంటూ వేళ్ళు నోట్లో పెట్టుకున్నాడు. నట్టు మాత్రం వెంట్రుకవాసి కూడా కదల్లేదు.

పొద్దున్నుంచీ ఇదే తంతు. పిండిమర నాలుగు కాళ్ళకీ నాలుగు బోల్టులు. మూడింటిని కిరసనాయిలు పోసి నానబెట్టి, సుత్తితో చుట్టూ తట్టి, తిట్టి, బతిమాలి ఎలాగో ఊడదీశాడు. నాలుగోది తలుపు పక్క మూలలో ఉంది. తుప్పు పెచ్చులు కట్టి, నట్టేదో బోల్టేదో తెలియకుండా ఒకటే ముద్దయిపోయింది.

అరబా గుమ్మం బయట పొయ్యి ముందు కూర్చుని చూస్తోంది. ఒంటిమీద నల్లబట్ట, పొయ్యి మీద చేపల పులుసు. ఆ పులుసు ఎవరికనుకున్నారు? మర పట్టుకుపోవడానికి వచ్చినవాళ్ళకే! మొగుడు పోయిన ఇంటికి మొగుడి తరఫువాళ్ళు వస్తే వండి పెట్టాలి. వాళ్ళు పట్టుకుపోయేది నీ నోటికాడి ముద్దే అయినా సరే, వండి పెట్టాల్సిందే. సాల్ట్‌పాండ్ తీరంలో ఇప్పటికీ అదే మర్యాద.

ఆ మర కొన్న డబ్బులో సగం అరబా పదేళ్ళు చేపలు పొగబెట్టి అమ్మి కూడబెట్టినది. మిగతా సగం ఆమె మొగుడు జోజో పడవలో తన వాటా వదులుకుని తెచ్చినది. దిమ్మె పోసిననాడు ఇసుక మోసింది కూడా ఆమే. అయితే ఏం? మగవాడి సొత్తు మేనల్లుడిది. అక్కచెల్లెళ్ళ కడుపున పుట్టినవాడే రక్తం, పెళ్ళాం పరాయిది. జోజో జ్వరంతో పోయి ఇంకా మట్టి ఆరకముందే అతని అక్క మాన్సా వచ్చి మరగదికి తాళం వేసి, తాళంచెవి కొంగున ముడేసుకుంది. గది అరబా పుట్టింటివాళ్ళ స్థలంలో ఉంది కాబట్టి దాని జోలికి రాలేదు.

"గోడలు నీవి, మర మాది" అని చెప్పేసింది.

నలభయ్యో రోజు దాటేదాకా ఎవరూ ముట్టుకోకూడదన్నారు. అప్పుడే అరబా కాళ్ళా వేళ్ళా పడింది.

"వదినా, ఇది సముద్రపు గాలి. వారానికోసారి గ్రీజు పెట్టకపోతే తుప్పు తినేస్తుంది. ఆయన ఒక్క శనివారం కూడా మానేవాడు కాదు. నువ్వు పక్కనే నిలబడు, పెట్టేసి వచ్చేస్తాను."

"ముండమోసిన చేత్తో ముట్టుకుంటావా? ఆ మర ఇంక నా కొడుక్కి అచ్చొస్తుందా?" అంది మాన్సా.

అంతే. తరవాత వానలు పట్టుకున్నాయి. మరగది రేకుకి చిల్లు ఉంది. రోజూ గోడకి ఇవతల చాప మీద పడుకుని అరబా ఆ చుక్కలు వినేది. టప్పు, టప్పు. సరిగ్గా ఆ నాలుగో మూలలోనే పడుతున్నాయని ఆమెకి తెలుసు. తెలిసి ఏం చేస్తుంది?

మర తిరిగినన్నాళ్ళూ ఆ ఇంటిముందు నిలబడటానికి చోటుండేది కాదు. తెల్లారకముందే బేసిన్ల వరస, నేను ముందంటే నేను ముందని కొట్లాటలు, డబ్బా మొక్కజొన్నకి రెండు సెడీలు ఇవ్వడానికి కూడా బేరాలు, పిండి పడి తెల్లబడ్డ మొహాలు చూసుకుని నవ్వులు. ఆ గోలకి అరబా తలనొప్పని విసుక్కునేది కూడా. ఇప్పుడు ఆ తలనొప్పి ఉంటే బాగుండుననిపిస్తోంది. పక్కింటి ఎకువా మొక్కజొన్న ముద్దని ఆకుల్లో చుట్టి ఉడకబెట్టి కెంకే అమ్ముతుంది. ఒకప్పుడు వరసలో మొదటి బేసిన్ ఆమెదే. ఇప్పుడు బేసిన్ నెత్తిన పెట్టుకుని పక్కూరి మరకి నడుస్తోంది. ఈ గుమ్మం ముందునుంచే వెళ్తుంది, తల తిప్పదు. విధవ నీడ పడ్డ కెంకే ఎవరూ కొనరట. ఇన్నాళ్ళలో అరబాని పలకరించినవాడు ఎవడయ్యా అంటే ఉప్పు అమ్మేవాడొక్కడు. వాడు కూడా "ఎంత కావాలి?" అన్నాడంతే.

రోడ్డు మీంచి లారీ హారను మోగింది. మాన్సా కొడుకు ఫీఫీ చిరాకుగా అటు చూశాడు. మరని మాంకెసిమ్ సంతకి తీసుకెళ్ళి దుకాణం పెట్టాలని అతని ఆశ. చెడ్డవాడేం కాదు. చిన్నప్పుడు ఈ పొయ్యి దగ్గరే తిని పెరిగాడు. ఉద్యోగం పోయింది, ఇంట్లో ముగ్గురు పిల్లలు. తనది కానిది తీసుకుంటున్నానని అతనికి ఎవరూ చెప్పలేదు, అతనూ ఎవర్నీ అడగలేదు.

"ఏం మేస్త్రీ, పొద్దు పోయేలా ఉంది. ఆ డ్రైవరు చీకటి పడితే ఆగనంటున్నాడు. గట్టిగా రెండు దెబ్బలెయ్యి, అదే ఊడుతుంది!"

కోబినా నడుం పట్టుకుని లేచాడు. "ఎయ్యమంటే ఎయ్యనా? నాదేం పోయింది! ఇది పోతపోసిన ఇనుం నాయనా. కాలు పగిలిందంటే మర తూకానికి అమ్ముకోవాల్సిందే. అప్పుడు నన్ననకు."

"కోసెయ్ మరి."

"రంపం దూరే సందేదీ? పట్టణం నుంచి గ్యాసు తెస్తే కోస్తాను. అది రేపటి మాట. ఇవాళే కావాలంటే ఒకటే దారి. ఎర్రటి నిప్పులు చట్టెడు కావాలి. నట్టు చుట్టూ పోసి విసిరితే వేడికి సాగి వదులుతుంది."

"నిప్పులేనా! ఇంతోటి దానికి పొద్దున్నుంచీ చంపుతున్నావా?"

"బొగ్గంతా తడిసి ముద్దయింది. రాజేసుకునేసరికి నీ లారీ మాంకెసిమ్‌లో ఉంటుంది. వెలిగే పొయ్యి చూడు" అన్నాడు కోబినా. అంటూ అరబా పొయ్యి వైపు చూసి, ఎందుకో చూపు తిప్పుకున్నాడు.

గోడ నీడలో బల్ల మీద కూర్చున్న మాన్సా ఆవులించింది. "అరబా, ఆ చట్టిలో నిప్పులెయ్యమ్మా."

అరబా పట్టకారు తీసుకుంది. పులుసు దించి పక్కన పెట్టింది. పొయ్యిలో కణకణలాడుతున్న కట్టె బొగ్గులు. చట్టి దగ్గరకి లాక్కుంది. ఇన్నాళ్ళూ చెప్పిందల్లా చేసింది. జుట్టు గొరిగించుకోమంటే గొరిగించుకుంది, నేల మీద పడుకోమంటే పడుకుంది, ఏడవమన్నప్పుడు నలుగురిలో పైకి ఏడ్చింది, నిజంగా ఏడుపొచ్చినప్పుడు చాపలో మొహం దాచుకుంది. చెయ్యి దానంతట అదే నిప్పుల్లోకి వెళ్ళింది. అక్కడ ఆగిపోయింది.

"ఏంటే, వినపడలేదా?"

"వినపడింది వదినా." గొంతు ఆమెకే కొత్తగా ఉంది. వాడక ఎన్నాళ్ళయిందో! "పులుసు దించాను. కూర్చోండి, వడ్డిస్తాను. కడుపునిండా కూడు పెడతాను. నిప్పు మాత్రం ఇవ్వను."

కోబినా చేతిలోని సుత్తి మెల్లగా కింద పెట్టాడు.

"ఏమన్నావ్?" మాన్సా లేచింది. "మొగుడి తరఫువాళ్ళు నిప్పడిగితే లేదన్న ఆడదాన్ని నేనీ తీరంలో చూళ్ళేదు!"

"గ్రీజు పెడతానని నేనడిగాను, మీరు లేదన్నారు. ఆ తుప్పు నేను పట్టించలేదు వదినా, నీ కొంగున ఉన్న తాళంచెవి పట్టించింది. ఇప్పుడు దాన్ని నా పొయ్యిలో నిప్పు పెట్టి ఊడదీసుకుంటారా?"

"అత్తా," ఫీఫీ గొంతు తగ్గించాడు, "ఎందుకు రచ్చ? నెలనెలా నీకు కాస్త పిండి పంపిస్తాను కదా."

"నా మరలో పిండి నాకే పంపిస్తావా నాయనా? నీ దయ" అంది అరబా. అని చట్టి బోర్లించి దాని మీద కూర్చుంది. ధైర్యమేం కాదు. భయమే. భయం కాకపోతే మరేమిటి? రేపు ఊరంతా ఏమంటుందో ఆమెకి తెలియదా?

"పోనీలే, నిప్పుకి నువ్వొక్కదానివే దిక్కా!" ఫీఫీ మూల ఉన్న ఇంకో చట్టి అందుకుని గోడ చుట్టూ తిరిగి వెళ్ళాడు. ఈ వానలకి వేట లేదు, చేపల పొయ్యిలన్నీ చల్లారి ఉన్నాయి. ఇంక వెలిగేది ఎకువా పొయ్యి ఒక్కటే. ఇందాకటి నుంచీ దాని మీద పెద్ద డేగిసాలో కెంకే ఉడుకుతోంది. ఆ వాసన ఇక్కడికి వస్తోంది.

అరబా తల వంచుకుంది. అయిపోయింది. ఎకువా ఎందుకు కాదంటుంది? ఆమెకీ మొగుడున్నాడు, అత్తవారున్నారు, కెంకే కొనే జనం ఉన్నారు. నిప్పిస్తే ఆమెకి పోయేదేం లేదు.

గోడ అవతల ఫీఫీ మాటలు వినిపించాయి. "ఎకువమ్మా, కాస్త నిప్పులు..." ఎవరో బిందె ఎత్తినట్టు గాజులు కదిలాయి.

సుయ్య్‌మని పెద్ద శబ్దం వచ్చింది.

తెల్లటి ఆవిరి గోడ మీదుగా పైకి లేచింది. తడి బూడిద వాసన. ఫీఫీ వట్టి చట్టితో తిరిగొచ్చాడు, కాళ్ళ మీద బూడిద నీళ్ళు చిందాయి.

"ఆరిపోయిందంట! నా కళ్ళముందే బిందెడు నీళ్ళు కుమ్మరించి, 'అయ్యో ఆరిపోయింది బాబూ' అంటోంది. సగం ఉడికిన కెంకే పెట్టుకుని పొయ్యి ఆర్పుకుంటారా ఎవరైనా, బుద్ధున్నవాళ్ళు?"

లారీ ఇంకోసారి కూసి, గేరు మార్చుకుని వెళ్ళిపోయింది. మాన్సా తాళంకప్ప కోసం చూసింది.

అరబా లేచి మరగదిలోకి వెళ్ళింది. జోజో పోయాక ఆ గుమ్మం దాటడం అదే మొదలు. గూట్లో గ్రీజు డబ్బా అతను పెట్టిన చోటే ఉంది. మూడు బోల్టులకీ వేలితో గ్రీజు రాసింది, కింద పడున్న నట్లు ఏరి ఒక్కొక్కటే ఎక్కించింది. జోజో పానా తీసుకుంది.

"దాన్ని కింద పెట్టు. అది కూడా మావాడిదే" అంది మాన్సా.

"రేపు గ్యాసు తెచ్చినప్పుడు అడుగు వదినా. అప్పుడు చూద్దాం."

మూడూ బిగించింది. నాలుగోదానికి ఆ అవసరం లేదు. కోబినా సంచీ సర్దుకుంటూ, రేపు తనకి వేరేచోట పని ఉందని ఎవరూ అడక్కుండానే చెప్పాడు. ఫీఫీ పెరట్లో నిలబడి రేపు ఇంకో ఫిట్టరుని తెస్తానని అరుస్తున్నాడు. అరబా బయటికి వచ్చాక మాన్సా తలుపు లాగి తాళం వేసుకుంది. పులుసు ముట్టకుండానే తల్లీకొడుకులు వెళ్ళిపోయారు.

ఇల్లు మళ్ళీ ఎప్పటిలాగే అయిపోయింది. అరబా కాసేపు పొయ్యి చూస్తూ కూర్చుంది. తరవాత బోర్లించిన చట్టి తిప్పి, నిండా నిప్పులు ఎత్తింది. నల్లబట్ట కొంగు మడిచి దానితో చట్టి అంచు పట్టుకుని గోడ చుట్టూ నడిచింది. ఎకువా తలుపు మూసి ఉంది. ముందర డేగిసా కింద పొయ్యి నల్లగా, నీళ్ళోడుతోంది. గుమ్మానికి ఇవతలే ఆగింది. తన నీడ గడప మీద పడకుండా పక్కకి జరగబోయి, జరగలేదు.

"ఎకువా," అని పిలిచింది. "నిప్పు తెచ్చాను."

లోపల ఎవరో కదిలారు. చట్టి వేడి కొంగులోంచి వేళ్ళకి తగులుతోంది. అరబా కింద పెట్టకుండా అలాగే నిలబడింది.