తొలి దోసిలి

ఛాతీ లోతు నీళ్ళలో నిలబడి నీలమ్మ పైపు మూతికి బిగించిన ఫుట్‌వాల్వును మూడోసారి పైకి లాగింది. జాలీ నిండా నల్లటి జిగురు, అందులో పాలిథిన్ కవరు ముక్కలు. వేలితో గీకి పారేసింది. గట్టు మీద కిరాయి డీజిల్ ఇంజను ఉత్తగాలి పీలుస్తూ కొట్టుకుంటోంది. దాని కిరాయి రోజుకు మూడు వందలు, డీజిల్ లీటరు నలభై అయిదు. సకల జనుల సమ్మె మొదలై నెల దాటింది. గనులాగి బొగ్గు లేక కరెంటు లేదు, ఉన్న మోటారు కొట్టంలో మూలన పడింది. అయినా సమ్మె మీద ఆమెకు కోపం లేదు. తెలంగాణ రావాలని తనూ రెండు రోజులు సమ్మె డేరాలో కూర్చుని వచ్చింది.

శేరిలింగంపల్లి వైపు అద్దాల ఆఫీసుల వెనక ఇంకా పూడ్చకుండా మిగిలిన నాలుగెకరాల నీళ్ళు ఈ తుంగకుంట. దాని కింద ఎకరం కౌలుకు పట్టి నీలమ్మ ఆకుకూరలు వేస్తుంది. నీళ్ళు తోడడంలో ఆమెకో పద్ధతి ఉంది. అడుగున బురద, పైన నాచు. మంచి నీళ్ళు ఈ రెంటికీ నడుమ ఉంటాయి. అందుకని ఖాళీ డ్రమ్మును కుంట నడిమధ్య తేలేసి, దానికి మూరెడు కింద పైపు మూతి వేలాడదీస్తుంది. ఇది పెనిమిటి యాదయ్య నేర్పిన పని. వాళ్ళది నీరటి ఇల్లు. తూము తీసి, మూసి, మడిమడికీ నీళ్ళు పంచడం తాతల నాటి నుంచి వాళ్ళ వంతు. పొలానికి నీళ్ళు వదిలే ముందు తొలి దోసిలి నీరటివాడే తాగాలి. తాగాడంటే ఆ నీళ్ళకు వాడు పూచీ.

యాదయ్య పోయి రెండేళ్ళయినా నీలమ్మ ఆ దోసిలి మానలేదు. కుంట పక్క అపార్టుమెంట్ల గేటు దగ్గర గంప దించి, సీసాతో తెచ్చిన కుంట నీళ్ళు అందరి ముందూ గటగటా తాగి చూపించేది. బజారులో రెండు రూపాయల కట్ట అక్కడ మూడుకు పోయేదంటే ఆ నీళ్ళ పుణ్యమే. నాలుగు రోజులుగా విరేచనాలవుతున్నా తిన్నది అరగలేదనుకుంది గాని కుంటను అనుమానించలేదు. కన్నబిడ్డ దొంగంటే ఏ తల్లి నమ్ముతుంది?

మరిది పెంటయ్య ఆ అపార్టుమెంట్లలోనే వాచ్‌మన్. డ్యూటీ బట్టలతోనే గట్టు మీదికొచ్చి, తల వంచుకుని నిలబడ్డాడు.

“ఇంజన్ బందు జెయ్యి వదినె. కరెంటు లేక మురుగు సాఫ్ జేసే మిషన్ నడుస్తలేదు. జనరేటర్ లిఫ్టులకే సాల్తలేదంట. నాలుగు దినాలసంది అంతా సీదా కుంటలకే ఇడుస్తున్నం.”

“ఇడిసేదెవరు?”

“నేనే.”

నీలమ్మ గట్టెక్కి ఇంజను ఆపి కూలబడింది. కంచే చేను మేస్తే ఎవరితో చెప్పుకోవాలి? అయిదున్నర వేల జీతం పోతుందని చెప్పలేకపోయానని పెంటయ్య ఏడ్చాడు. అర్జీ పెడదామంటే ఆఫీసులన్నిటికీ సమ్మె తాళాలే. పక్కనే గంపలో నూట యాభై పాలకూర కట్టలున్నాయి. పొద్దున్నే కుంటలోనే కడిగి కట్టినవి. చేలో ఇంకా మూడు కోతల పంట నిలబడి ఉంది. నీళ్ళు చెడ్డాయని నోరు విప్పితే పంటను తన చేత్తో తాను చంపుకున్నట్టే.

అంతలో అసోసియేషన్ సెక్రటరీ వెంకటరామయ్య వాకింగ్‌కని వచ్చాడు. భీమవరం వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ రిటైర్డ్ లెక్చరర్, మంచిమర్యాదలు తెలిసినవాడు. కుశలం అడిగి, ఆమె మొహం చూసి, సంగతి గ్రహించాడు.

“సమ్మె అయిపోగానే అంతా సరిచేయించేస్తాం నీలమ్మా. కుంట వాసనొస్తోందని మావాళ్ళు కొందరు గొడవ చేస్తున్నారు. నీ మాటంటే వాళ్ళకి గురి. ఎప్పట్లాగే గుక్కెడు తాగేసి చూపించు, చాలు. సీసాలో మా బోరు నీళ్ళు పోయిస్తాను, నీకేం కాదు. పెంటయ్య ఉద్యోగం కూడా చూసుకోవాలి కదా.”

పెంటయ్య రెండు చేతులూ జోడించాడు. నీలమ్మ గంప నెత్తికెత్తుకుని నడిచింది.

గేటు దగ్గర ఆడవాళ్ళు పదిమంది మూగారు. బోరు నీళ్ళ సీసా తెచ్చి పెంటయ్య ఆమె చేతికిచ్చాడు. మూత తీసి, మళ్ళీ పెట్టి, దాన్ని గోడ మీద ఉంచింది.

“కొనకుండ్రమ్మా. నీళ్ళు ఖరాబైనయ్. మీ మురుగు పైపే కుంటల వడుతున్నది.”

నీళ్ళ మాట అందరికీ వినబడింది. పైపు మాట ఒక్కరికీ వినబడలేదు. “ఎన్ని రోజుల్నించి తినిపిస్తున్నావు మాకిది?” అని ఒకావిడ చంకలోని బిడ్డను తడుముకుంటూ అడిగింది. నీళ్ళు కాచే ఇల్లని గొప్పలు చెప్పి ఇదా కాచిందని ఇంకొకావిడ దెప్పింది. వెంకటరామయ్య గొంతు పెంచకుండా, ఇకమీదట కూరలవాళ్ళను గేటు దగ్గరికి రానివ్వబోమని ప్రకటించాడు. పైపు సంగతి ఎవరూ ఎత్తలేదు. గంపను రోడ్డవతల పెట్టి రమ్మని సెక్రటరీ చెబితే, పెంటయ్య వదిన మొహం చూడకుండా ఎత్తుకెళ్ళి పెట్టి వచ్చాడు.

అవతల కొత్త బిల్డింగు లేస్తోంది. పాలమూరు నుంచి వచ్చిన కూలిమనిషి ఒకతె ఇసుక తట్ట దించి, పిల్లను ఎత్తుకుని వచ్చింది. నీలమ్మ కట్టలు తీసి చెత్తకుప్పలో వేస్తుంటే చూసి, వంగి గంపలోంచి రెండు తీసుకుంది. నీలమ్మ వాటిని గుంజుకుంది.

“వద్దు బిడ్డా. తినేది గాదు, మురుగు నీళ్ళల్ల కడిగినయ్.”

“ఇంత పచ్చగుంటే తినేది గాదా? పారేసేది గూడ ఇయ్యబుద్ధి గాదా నీకు?”

ఆమె మళ్ళీ చెయ్యి చాచింది. నీలమ్మ గంప మొత్తం బోర్లించి, పదిహేను రోజులు పెంచిన కూరను తన కాళ్ళతోనే తొక్కసాగింది. ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. కూలిమనిషి పిచ్చిదాన్ని చూసినట్టు చూసి, ఇంత పిసినారిని ఎక్కడా చూడలేదని తిట్టుకుంటూ వెనుదిరిగింది. పోతుంటే ఆమె కొంగు మడతలోంచి, ఎప్పుడు దాచుకుందో, పాలకూర కట్ట ఒకటి బయటికి కనబడింది.

నీలమ్మ ఆమె వెనకాల పరుగెత్తింది.