మరో పరికరంలో మీరు

"చదువుకోడానికి మళ్ళీ ఓ మిషనా? ఫోనుంది కదే!" అన్నాడు మా ఆయన, నేను గిన్నెలు తోముతుంటే.

ఫోనుంది. దాన్నిండా అత్తయ్య మందుల వేళలు, పిల్లదాని స్కూలు మెసేజీలు, ఆయనవి "ఎక్కడున్నావ్"లు. నాలుగు వాక్యాలు చదివేలోపు ఏదో ఒకటి మోగుతుంది. నేను ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీస్తాను. రోజంతా వెలిగే తెరలు చూసి చూసి కళ్ళు మండుతుంటాయి. అందుకే ఇ-బుక్ రీడర్ కొనుక్కుందామని, భోజనం చేసే ఆ కాస్త సేపట్లో వాటి గురించి తెగ చదివాను. తెర కాగితంలా ఉండి కళ్ళలోకి వెలుగు కొట్టని రకం, ఒకసారి చార్జింగ్ పెడితే వారాల తరబడి వచ్చే రకం, నీళ్ళు పడినా పాడవని రకం. నా చేతులెప్పుడూ తడే కదా.

"తెలుగు ఒత్తులు విడిపోకుండా వస్తాయా?" అని దుకాణంలో అడిగింది నేను. జవాబు మాత్రం ఆయనకి చెప్పాడు షాపతను. "చక్కగా వస్తాయి సార్. బరువుండదు, మేడం ఒంటి చేత్తో పట్టుకోవచ్చు."

"మంచిదేగా, రెండో చెయ్యి గరిటెకి ఖాళీ!" అన్నాడాయన. ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఖాతా తెరవబోతే, "ఆ పాస్‌వర్డుల తలనొప్పి నీకెందుకు?" అని తన మెయిల్‌తోనే తెరిచేశాడు.

కొన్నాళ్ళు హాయిగా గడిచింది. బస్సులో ఓ నవల మొదలుపెట్టాను. ఇల్లు వదిలి వెళ్ళే ఒకావిడ కథ. ఒక మధ్యాహ్నం తెరవగానే తెర మీద అక్షరాలు వచ్చాయి: "మరో పరికరంలో మీరు తొంభై ఆరో పేజీలో ఉన్నారు. అక్కడికి వెళ్తారా?"

నేనింకా యాభై కూడా దాటలేదు. నాకు మరో పరికరం లేదు. వీపు మీద ఎవరో చల్లటి చెయ్యి వేసినట్టయింది. వద్దు అని నొక్కాను.

మర్నాడు, నేను గీత గీసుకున్న వాక్యం కింద గీత లేదు. "ఆమె పెట్టెలో ముందుగా తన చెప్పులు సర్దుకుంది" అన్న వాక్యమది. మళ్ళీ గీశాను. సాయంత్రానికి మళ్ళీ పోయింది. ఎక్కడో ముందు పేజీలో, నేనింకా చేరని చోట, "అందరికీ వడ్డించి తృప్తిగా చూసింది" అన్న వాక్యం కింద మాత్రం గీత ఉంది. నేనే గీసి మర్చిపోయానా? నాకే మతి పోతోందా? ఆ రోజు ఒక పెద్దాయన్ని మిషన్ ముందు నిలబెట్టి ఊపిరి బిగపట్టమన్నాను. వదలమనడం మర్చిపోయాను. ఆయన మొహం ఎర్రబడ్డాక తనే వదిలేసి, "నన్ను మర్చిపోయావా తల్లీ?" అన్నాడు.

ఆదివారం టిఫిను తింటూ మా ఆయన, "ఆవిడ చివరికి తిరిగొచ్చేస్తుందిలే. అంత ఆత్రంగా చదవకు," అన్నాడు.

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "మీకెలా తెలుసు?"

"నా ఫోన్లో కనపడుతుందిగా. ఒకటే ఖాతా. నువ్వెక్కడ ఆగావో, ఎంతసేపు ఆగావో అన్నీ. మొగుడూ పెళ్ళాల మధ్య దాపరికమేంటి?"

"గీతలు చెరిపింది మీరేనా?"

"పిచ్చి వాక్యాలే అవి. మంచివి నేనే గీసిపెట్టా కదా."

"వాడికి నువ్వంటే ఎంత శ్రద్ధో చూడు," అంది అత్తయ్య మురిసిపోతూ.

మర్నాడు డ్యూటీ దిగాక, వేరే వీధిలో ఇంకో దుకాణానికి ఒక్కదాన్నే వెళ్ళాను. కౌంటర్లో అమ్మాయి తెర, వెలుగు, బ్యాటరీ అంటూ మొదలుపెట్టింది.

"అవన్నీ తెలుసమ్మా. నేను ఏ పేజీలో ఉన్నానో నాకు తప్ప ఇంకెవరికీ తెలియకుండా ఉంటుందా?"

ఆ అమ్మాయి నా వెనక తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. "ఈ మధ్య వచ్చే ఆడవాళ్ళందరూ ముందు అదే అడుగుతున్నారండీ."

రీడర్ నా వైపు జరిపింది. "ఖాతా మీరే తెరుచుకోండి, నేను చూడను," అని అటు తిరిగి నిలబడింది.