అత్తమ్మ ఊడ్చిన గల్లీ

ఇల్లు చూపించిన రోజే ఓనరు రాధాబాయిగారు మా తలకాయలు లెక్కపెట్టుకున్నారు. నేను, మా ఆయన డానియేలు, మా పాప అమల. "ముగ్గురే గదా? నాలుగో మనిషి వస్తే నాకు చెప్పే పనిలేదు, సామాను సదురుకోండి" అన్నారు. మాదన్నపేటలో నల్లా రోజు విడిచి రోజు వస్తుంది, అదీ పసిపిల్లాడు పోసినంత ధార. చాలకపోతే ట్యాంకరు డబ్బులు ఆవిడే పెట్టుకోవాలి. ఆవిడ మాటలో న్యాయం ఉంది. అందుకే నాకు మరింత ఒళ్లు మండింది.

ఏడాది తిరక్కుండా ఆ నాలుగో మనిషి రానే వచ్చింది. మా అత్తమ్మ చంద్రమ్మ. చాంద్రాయణగుట్టలో రేకుల గదిలో ఒక్కతే ఉండేది. అక్కడ స్థలాల రేట్లు పెరిగేసరికి ఓనరు రేకులు పీకించి దుకాణాలకు షట్టర్లు పెట్టించాడు. అత్తమ్మ వయసంతా మున్సిపాలిటీ రోడ్లు ఊడ్చింది. కాంట్రాక్టు పని కనక పింఛను లేదు, ఊపిరితిత్తుల నిండా దుమ్ము మాత్రం మిగిలింది. మళ్లీ దుమ్ములోకి పోతే మనిషి దక్కదని డాక్టరు తేల్చి చెప్పాడు. "ఇగ చాలమ్మా, నేనున్న గదా" అన్నాడు మా ఆయన.

ఆయన ఒక ఆస్పత్రిలో లిఫ్టు దగ్గర డ్యూటీ చేస్తాడు. నేను సంతోష్‌నగర్‌లో ఒక బడిలో ఆయాను. ఇంకో ఇంటి కోసం ఆదివారాలన్నీ తిరిగాం. అద్దెలు విని మా కళ్లు తిరిగాయి, మా పేర్లు విని వాళ్ల ముఖాలు మాడాయి. ఇక వేరే దారి లేక అత్తమ్మను దాచాం.

నవ్వకండి. దొంగ సొమ్ము దాచినట్టు నిజంగానే దాచాం. రాధాబాయిగారికి మోకాళ్ల నొప్పులు, మేడ దిగరు. మాకున్న ధైర్యమల్లా అదే. పగలంతా తలుపు వేసి ఉంచేవాళ్లం. అత్తమ్మ చీరలు గదిలోనే ఆరేసేసరికి ముక్కిన వాసన కొట్టేవి. దగ్గు వస్తే దిండులో ముఖం దూర్చేది. నీళ్ల వాడకం పెరిగితే పట్టుబడతామని నేనూ అత్తమ్మా ఒకే బకెట్టుతో స్నానం కానిచ్చేవాళ్లం. ఒకరోజు అమల "నానమ్మ జైల్లో ఉందా మమ్మీ?" అని అడిగింది. చెంప మీద ఒక్కటిచ్చాను. తర్వాత దాన్ని ఒళ్లో వేసుకుని నేనే ఏడ్చాను.

"ఫికర్ చెయ్యకు బిడ్డా, రోడ్డు మీద ఎండినదాన్ని. నీడల కూసుండుడు నాకు మస్తుగున్నది" అనేది అత్తమ్మ.

అబద్ధం. పొద్దున్నే కిటికీ సందులోంచి గల్లీని చూస్తూ కూర్చునేది. "ఇదేం ఊడ్సుడు? మూలలన్నీ గట్లనే ఇడిసిపెట్టి పోయిండ్రు" అని గొణుక్కునేది.

ఆగస్టులో పెద్ద వాన పడి మోరీ పొంగింది. తెల్లారేసరికి గేటు ముందు బురద, ప్లాస్టిక్ కవర్లు, కోడి ఈకలు. నేను లేచేసరికి పక్క మీద అత్తమ్మ లేదు, తలుపు తీసి ఉంది. బయటికి పరిగెత్తాను. ఆమె గోడకు ఆనుకుని రొప్పుతోంది. చేతిలో మా వాకిలి చీపురు. దానికి పొడుగు కర్ర కూడా కట్టుకుంది.

"ఏం జేస్తివి అత్తమ్మా!"

"పొల్ల బడికి పోవాలె గదనే. గా మురికిల అడుగెట్ల పెడ్తది? మనింటి ముందటనే ఊడ్సుదామనుకున్న. ఎవ్వలు చూడలే తియ్యి."

ఎవరో చూడాల్సిన పనేముంది? గల్లీ పొడుగునా చెత్త కుప్పలు వరుసగా నిలబడి ఉన్నాయి. మా గల్లీలో ఇల్లాళ్లు ఊడిస్తే చెత్త పక్కింటి గేటు ముందుకు చేరుతుంది, అంతే. బండి వచ్చి ఎత్తుకునేలా దూరం చూసి కుప్పలు పెట్టేది మున్సిపాలిటీ వాళ్లే. ఇంటి ముందు మొదలైన చెయ్యి గల్లీ చివరిదాకా ఆగలేదు. పాపం, ఆమెకు ఇంకోలా ఊడ్చడం రాదు.

కాసేపటికే రాధాబాయిగారు రెయిలింగ్ పట్టుకుని, మెట్టుకో మూలుగుతో కిందికి దిగారు. డానియేలు అప్పుడే డ్యూటీకి చొక్కా తొడుక్కుంటున్నాడు.

"మున్సిపాల్టీ వాళ్లు ఇయ్యాల రానే లేదు. మరి ఈ కుప్పలు ఎవరు పెట్టిన్రు రూపా?"

నేను తలుపుకు అడ్డంగా జరిగాను. లోపలినుంచి అత్తమ్మే వచ్చింది. "నేనేనమ్మా. డానియేలు తల్లిని. ఆళ్ల తప్పేం లేదు, నేనే ఒచ్చిన. రెండ్రోజులల్ల పోత."

ఎక్కడికి పోతుంది? ఆ సంగతి మా ముగ్గురికీ తెలుసు. రాధాబాయిగారు ఆమెను ఎగాదిగా చూశారు. తర్వాత గల్లీని చూశారు.

"మస్తు శుభ్రంగ చేసినవ్" అన్నారు. "సరే, ఉండు. మా పనామె మానేసింది. వాకిలి, మెట్లు, ఈ గల్లీ రోజూ ఊడువు. బాత్రూములు గూడ కడుగు. నీళ్ల ఖర్చు గట్ల చెల్లిపోతది. నేనేం అన్యాయం అడుగుతలేను గదా?"

ఆవిడ ముఖంలో కపటం లేదు. మంచే చేస్తున్నాననుకున్నారు.

"దుమ్ముల పని చెయ్యొద్దని డాక్టర్ చెప్పిండమ్మా" అన్నాడు డానియేలు.

"బలవంతమేం లేదు నాయనా. వేరే ఇల్లు చూసుకోండి."

డానియేలు నావైపు చూశాడు. నేను ముఖం తిప్పుకున్నాను. బయట అద్దెలు నాకు తెలుసు.

"చేస్త తల్లీ, గంతేనా?" అంది అత్తమ్మ. ఆమె గొంతులో సంతోషం వినబడింది. అది నేను తట్టుకోలేకపోయాను. మా ఆయన ఆ రోజు అన్నం ముట్టలేదు.

బురద ఎండిన మర్నాడు పొద్దున ఆయన డ్యూటీకి బయల్దేరాడు. నేను గుమ్మంలో ఉన్నాను. అత్తమ్మ ముక్కుకు కొంగు కట్టుకుని, నడుం వంచి గల్లీ ఊడుస్తోంది. ఇస్త్రీ ప్యాంటు, నల్ల బూట్లు తన దగ్గరికి వచ్చేసరికి చీపురు చప్పున దగ్గరకు లాక్కుని, తలెత్తకుండానే గోడవైపు జరిగి నిలబడింది.

డానియేలు కదల్లేదు.

"పోండి సారూ" అంది అత్తమ్మ, నేలవైపే చూస్తూ. "దుమ్ము వడ్తది."