నాట్ల పాటలో రెండో గొంతు

పెంచలప్రసాద్ కృష్ణపట్నం పవర్ ప్లాంటులో టర్బైన్ల దగ్గర పనిచేస్తాడు. వాళ్ళమ్మ మాలకొండమ్మ ముప్పై ఏళ్ళ కిందట నాట్లేస్తూ పాడిన పాట క్యాసెట్టు ఇంట్లో దొరికితే, అది వినడానికి సెకండ్ హ్యాండ్ ఆంప్లిఫయరు కొనాలని కోవూరులో తబస్సుమ్ షాపుకు పోయినాడు. తబస్సుమ్ తండ్రి దగ్గర రిపేరు పని నేర్చుకుని, ఆయన పోయాక షాపు తనే నడుపుతోంది.

ఆమె బల్ల మీద రెండు ఆంప్లిఫయర్లు పెట్టింది.

"ఏదో ఒకటియ్యమ్మా. నా చెవికి అన్నీ ఒకటే," అన్నాడు.

"విని చెప్పన్నా." రెండిటి సౌండూ సమానం చేసింది. "గట్టిగా మోగేదే మంచిదనిపిస్తుంది, అందుకని."

వాటి మీద గుడ్డ కప్పి, క్యాసెట్టు వేసి, ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్చింది. తేడా తెలియలేదు. మళ్ళీ మార్చినా తెలియలేదు. ప్లాంటు హోరులో చెవులు మొద్దుబారినాయేమోనని అతనికి సిగ్గేసింది.

"పాటంతా వినొద్దన్నా. అమ్మ ఊపిరి తీసుకునే చోటొక్కటే పట్టుకో."

కళ్ళు మూసుకున్నాడు. మొదటిదాంట్లో చరణం ఆగి మళ్ళీ మొదలైంది, అంతే. రెండోదాంట్లో ఆ సందులో ఊపిరి వినపడింది. బురదలోంచి కాలు తీసిన చప్పుడు, గాజుల చప్పుడు.

"అమ్మ వెనక ఇంకెవరో ఉన్నారు," అన్నాడు మెల్లగా.

తబస్సుమ్ కూడా వంగి విన్నది. ఇంకో ఆడగొంతు, మాటల్లేకుండా సన్నగా రాగం తీస్తోంది. తబస్సుమ్ ఏది మోగుతోందో చెప్పకుండా ఆరుసార్లు మార్చి చూసింది. ఆరుసార్లూ అతను ఏది ఏదో సరిగ్గా చెప్పినాడు.

అక్కణ్ణుంచే అమ్మకు ఫోన్ చేసి ఆ గొంతెవరిదని అడిగినాడు.

"నా పక్కన నాటేది చెంచమ్మేరా. అది నోరు తెరిచి పాడింది ఎవరూ వినలా. పాడమంటే పారిపొయ్యేది."

చెంచమ్మ ఇప్పుడు తోటపల్లి గూడూరులో కూతురి దగ్గరుంది. ఆదివారం పొద్దున అమ్మనూ ఆమెనూ ఆటోలో షాపుకు తీసుకొచ్చినాడు. తబస్సుమ్ పాట పెట్టింది. చెంచమ్మ తల వంచుకుని విన్నది.

"అది నేనేనా?" అన్నది.

"నువ్వే," అన్నది మాలకొండమ్మ.

"ఇంకోసారి పెట్టమ్మా."

తబస్సుమ్ టేపు వెనక్కి తిప్పింది. ఈసారి చెంచమ్మ టేపుతో పాటు మాటలతో సహా, గొంతెత్తి పాడింది. మాలకొండమ్మ తన నోటికొచ్చిన పాటను ఆపుకుని ఆమెనే వింటూ కూర్చుంది.